ఆరో అద్దంలో పక్షి

నాంపల్లి స్టేషన్ రోడ్డు నుంచి ఆబిడ్స్ వైపు నడిచేవాళ్ళకు ఎడమచేతి సందులో ‘శ్రీలక్ష్మి గ్లాస్ వర్క్స్’ అనే బోర్డు కనిపిస్తుంది. కనిపిస్తుందనడం మర్యాద కోసం. దాని ముందు మూడు కేబుల్ వైర్లు, ఒక కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ, ఆ ఫ్లెక్సీలో ర్యాంకులు వచ్చిన పన్నెండు మంది పిల్లలు ఉన్నారు. వాళ్ళందరినీ దాటి చూడగలిగితే అద్దం మీద అక్షరాలు ఇప్పటికీ నిన్న రాసినట్టే ఉంటాయి. ఎందుకంటే అవి అద్దం మీద రాసినవి కావు, అద్దం వెనక నుంచి రాసినవి. వానకూ, దుమ్ముకూ, కోచింగ్ సెంటర్లకూ అందనివి.

ఆ దుకాణం యజమాని రామచందర్‌కు అరవై నాలుగేళ్ళు. నగరంలో అద్దం వెనక నుంచి బొమ్మ వేసేవాళ్ళు ఇంకా ఎందరున్నారని అడిగితే ఆయన వేళ్ళు మడవడం మొదలుపెట్టి, ఒక వేలు మడిచి, కాసేపు ఆలోచించి, ఆ చేత్తోనే గడ్డం గోక్కుంటాడు.

ఈ పనిలో ఒక చిక్కుంది. మామూలు చిత్రకారుడు ముందు ఆకాశం వేస్తాడు, తర్వాత చెట్టు, చెట్టు మీద పిట్ట, ఆఖరున పిట్టకు కన్ను పెట్టి చేతులు కడుక్కుంటాడు. అద్దం వెనక నుంచి వేసేవాడికి అంతా తలకిందులు. కన్ను ముందు పెట్టాలి. దాని మీద ఈకలు, ఈకల మీద చెట్టు, ఆకాశం అన్నిటికంటే చివర. అంటే మొదటి చుక్క పెట్టేటప్పటికే బొమ్మంతా తెలిసి ఉండాలి. సృష్టికర్తకు కూడా ఆరు రోజుల వెసులుబాటు దొరికింది. అద్దం పనివాడికి అది లేదు.

పని నేర్పింది తండ్రి వామన్‌రావు. బేగం బజార్‌లో పుట్టి, అక్కడే పెరిగి, ఒక కాలంలో ఈ చుట్టుపక్కల ఇరానీ హోటళ్ళ అద్దాల మీద ‘ఇక్కడ తల దువ్వుకోరాదు’ అనే ఆజ్ఞను నాలుగు భాషల్లో, నాలుగు మూలలా గులాబీలతో సహా రాసిన మనిషి. ఉస్మాన్‌గంజ్ కొట్లలో గల్లాపెట్టె పైన కూర్చున్న లక్ష్మీదేవులు చాలామంది ఆయన చేతిమీద వెలసినవాళ్ళే. కొడుక్కి ఆయన ఒకే ఒక సూత్రం అప్పగించి పోయాడు: “కండ్లతోటి చూడనిది అద్దం మీద పెట్టకు.”

“మరి దేవుళ్ళ సంగతేంది నాయనా?” అని రామచందర్ చిన్నప్పుడు అడిగాడు.

“వాళ్ళను క్యాలెండర్ల చూసినం గదరా,” అన్నాడు వామన్‌రావు.

ఆయన పోయి పాతికేళ్ళయింది. ఇరానీ హోటళ్ళు మూతపడ్డాయి. తల ఎక్కడ పడితే అక్కడ దువ్వుకోవచ్చు. కొట్లు పడగొట్టి కాంప్లెక్సులు కట్టారు, లక్ష్మీదేవులు పాత సామాన్లవాళ్ళ బండి ఎక్కారు. తండ్రి చేతిపని అంటూ ఈ ఊళ్ళో మిగిలింది దుకాణం బోర్డొక్కటేనని రామచందర్ ఎప్పుడో లెక్క ముగించుకున్నాడు. ఆ లెక్క తప్పని తెలిసింది ఈ మధ్యనే, ఈస్టర్‌కు నాలుగు వారాల ముందు.

ఆబిడ్స్ వెనక, గన్‌ఫౌండ్రీకి పోయే దారిలో ఒక పాత తెలుగు చర్చి ఉంది. దాని దక్షిణపు గోడకు, పన్నెండడుగుల ఎత్తున, ఒక పెద్ద రంగుటద్దాల కిటికీ. ఆరు పలకలు. ఒకదానిలో లంగరు, ఒకదానిలో చేప, తర్వాత గొర్రెపిల్ల, ద్రాక్షతీగ, నెమలి. ఆరోదానిలో గూడు, గూట్లో మూడు పిల్లలు, వాటి మీద రెక్కలు విప్పిన తల్లిపక్షి. ఆ పక్షి రొమ్ము మీద నెత్తురు, ఆ నెత్తురు కిందికి మూడు చుక్కలు.

సంఘానికి ఈ యేడు కొత్త సౌండ్ సిస్టమ్ వచ్చింది. వెనక బెంచీలవాళ్ళకు ప్రసంగం వినిపించడం లేదని ఫిర్యాదు. (వెనక బెంచీలవాళ్ళు చేసిన ఫిర్యాదు కాదు.) సౌండ్ బాక్సును కిటికీ పక్కన పైకెత్తి బిగిస్తుండగా నిచ్చెన జారింది. సౌండ్ బాక్సు నిలిచింది, పక్షి పోయింది.

సంఘ కార్యదర్శి టిమోతి రామచందర్‌ను పిలిపించాడు. టిమోతి టెలిఫోన్ల శాఖలో రిటైరైన మనిషి, ఒంగోలు వైపువాడు. ఏ సంగతి అయినా మూడు కాపీల్లో ఉంటే తప్ప నమ్మడు. పగిలిన ముక్కలను ఒక మిఠాయి డబ్బాలో పోసి భద్రపరిచాడు.

“రామచందర్ గారూ, ఇవి అతికితే అతుకుతాయా అండీ?”

రామచందర్ డబ్బాలో వేలు పెట్టి చూశాడు. “అతికేటందుకు ముక్కలుండాలె గద సార్. గిది పిండయింది.”

తర్వాత నిచ్చెన ఎక్కాడు. పలకలో కింది మూడోవంతు మాత్రం చట్రంలో నిలిచి ఉంది. గూడు, నోళ్ళు తెరిచిన మూడు పిల్లలు, మూడు ఎర్రటి చుక్కలు. కుడి మూలన, గూటి పుల్లల సందులో, బియ్యపుగింజంత అక్షరాలు: వా.రా. 1967. రామచందర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. ‘వ’ మెలిక చివర ఆ విరుపు దుకాణం బోర్డు మీద రోజూ చూసేదే.

“ఏంటండీ, ఏముంది?” అని కింద నుంచి టిమోతి.

“మా నాయన,” అన్నాడు రామచందర్.

టిమోతి గుమ్మం వైపు తిరిగి, ఎవరూ రాలేదని నిర్ధారించుకున్నాడు.

పై భాగం కొత్తగా వేసి కింది ముక్కకు కలిపి ఇస్తానని రామచందర్ అక్కడే మాటిచ్చాడు. చిక్కల్లా ఒకటే. అది ఏ పక్షి?

ఆదివారం కమిటీ కూర్చుంది. ఆ చర్చిలో మూడొందల మంది సభ్యులు. వాళ్ళలో చాలామంది పుట్టినప్పటి నుంచీ వారానికోసారి, ప్రసంగం పొడుగును బట్టి అరగంట నుంచి గంట దాకా, ఆ పక్షిని చూస్తూ వచ్చినవాళ్ళే.

“పక్షిరాజు,” అన్నాడు టిమోతి. “అనుమానమే లేదు. కొత్త బలం పొంది రెక్కలు చాపి ఎగిరేది పక్షిరాజే కదండీ.”

“ఎగిరేదైతే గూట్ల ఎందుకు కూసున్నది టిమోతి గారూ?” అంది స్త్రీల సమాజం అధ్యక్షురాలు యూనీస్. “అది పావురం. తెల్లగ ఉండె. మా పెళ్ళప్పుడు నేను అదే చూస్కుంట నిలబడ్డ.”

“పెళ్ళప్పుడు పెళ్ళికొడుకును చూడాలి గానీ పావురాన్ని చూస్తారా అండీ?”

“ఆయన్ను తర్వాత చూసిన. పావురమే నయముండె.”

ఒకరు కొంగ అన్నారు. ఒకరు హంస అన్నారు. ఒక పెద్దాయన అది పక్షి కాదు, దేవదూత అన్నాడు. ఫొటోలు వెతికారు. నలభై ఏళ్ళ పెళ్ళి ఫొటోలు, బాప్తిస్మాల ఫొటోలు, క్రిస్మస్ నాటకాల ఫొటోలు బల్ల మీద కుప్పపడ్డాయి. అన్నిటిలోనూ కిటికీ ఉంది. అన్నిటిలోనూ దక్షిణపు ఎండకు ఆ కిటికీ సున్నం కొట్టిన గోడలా తెల్లగా వెలిగిపోతోంది.

ఆ గదిలో ఒక మూల రత్నమణి టీచర్ స్వెటర్ అల్లుకుంటూ కూర్చుంది. డెబ్బై తొమ్మిదేళ్ళు. మెదక్ మిషన్ స్కూల్లో చదివి, ఈ ఊళ్ళో పాఠాలు చెప్పి రిటైరైంది. కమిటీలో ఆమె గౌరవ సభ్యురాలు. అంటే టీ ఇస్తారు, అభిప్రాయం అడగరు. ఆమెను ఎవరూ అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు.

చివరికి టిమోతి తీర్మానం చదివాడు. ఈస్టర్‌కు పది రోజుల ముందు దాకా చూద్దాం, పక్షి తేలకపోతే పలక మొత్తం తీసేసి కొత్త గాజు పెట్టి దాని మీద ప్రింటు స్టిక్కర్ అంటిద్దాం. స్టిక్కర్ కుర్రాడు వెంకీ ఏ పక్షి కావాలంటే ఆ పక్షిని గంటలో ఇస్తానన్నాడు.

“పలక మొత్తమంటే... కిందిది సుత?” అన్నాడు రామచందర్.

“సగం పాతదీ సగం స్టిక్కరూ బాగుండదు కదండీ.”

రామచందర్ సరేనని తలూపాడు. బియ్యపుగింజంత ఆ రెండక్షరాలు పోవడానికి ఇక పద్ధెనిమిది రోజులు.

పక్షి పేరు తేల్చింది పాస్టర్ షాలోమ్. ఇరవై తొమ్మిదేళ్ళవాడు. ఎనభై యేళ్ళవాళ్ళు ‘అయ్యగారూ’ అని పిలిస్తే ఇప్పటికీ వెనక్కి తిరిగి చూస్తాడు. చర్చి పాత రిజిస్టర్లు మూడు రోజులు తిరగేసి, నాలుగోరోజు స్కూటర్ మీద దుకాణానికొచ్చాడు.

“దొరికింది అంకుల్. కిటికీ పెట్టినప్పటి రాతలో ఉంది. ఆరోది పెలికాన్. మన గూడబాతు.”

“బాతా?”

“పూర్వం ఒక కథ ఉండేది అంకుల్. గూడబాతు తన పిల్లలు చనిపోతే ముక్కుతో రొమ్ము పొడుచుకుని ఆ నెత్తురుతో బతికించుకుంటుందట. ప్రభువు కూడా అంతే కదా, తన రక్తంతో మనల్ని బతికించాడు. అందుకని ఆ పక్షిని ఆయనకు గుర్తుగా వేశారు.”

రామచందర్ స్టూలు ముందుకు జరిపి ఆయన్ను కూర్చోబెట్టాడు. “సీదా ఆయన బొమ్మనే వెయ్యొచ్చు గద. ఈ చేపలు, లంగరులు ఎందుకు? సముద్రం మనకు మూడొందల కిలోమీటర్ల దూరం. గా లంగరు మీద నాకెప్పటి నుంచో డౌటు.”

“మొదట్లో భయం అంకుల్. రోమా రాజ్యంలో విశ్వాసులని తెలిస్తే ప్రాణం పోయే రోజులు. సిలువ బొమ్మ రెండు మూడొందల యేళ్ళు దాదాపు ఎవరూ వేయనేలేదు. సిలువంటే అప్పటికి ఉరికంబం లాంటిది. ఉరికంబం బొమ్మ గోడ మీద ఎవరు వేసుకుంటారు? అందుకని సమాధుల మీద లంగరు గీసేవాళ్ళు. పైన అడ్డకర్ర ఉంటుంది చూడండి, తెలిసినవాళ్ళకు అందులో సిలువ కనిపిస్తుంది. తెలియనివాళ్ళకు పడవ సామాను.”

“మరి నెమలి? అది మా కుమారస్వామిది గద.”

“అంతకుముందు వాళ్ళ రోమా దేవతది కూడా. నెమలి మాంసం కుళ్ళదని అప్పట్లో నమ్మేవాళ్ళు. దాంతో చావులేని జీవానికి గుర్తయింది. గొర్రెను భుజాన మోసే కాపరి బొమ్మ కూడా అంతే, అది ముందే అందరి గోడల మీదా ఉండేది. అసలు ఆ సమాధుల్లో బొమ్మలు వేసినవాళ్ళు ఎవరనుకున్నారు? పొద్దున వేరే దేవుళ్ళ ఇళ్ళకు రంగులు వేసి, మధ్యాహ్నం వీళ్ళకు వేసిన కూలి పనివాళ్ళే అయ్యుంటారు. ఇద్దరికీ అదే చెయ్యి, అవే రంగులు.”

రామచందర్ వెనక్కి తిరిగి చూశాడు. అల్మారాకు ఆనించి సగం ఆరిన లక్ష్మీదేవి ఉంది. రేపు ఉస్మాన్‌గంజ్‌కు పోవాలి.

“గట్లనా,” అన్నాడు. పద్ధెనిమిది వందల యేళ్ళ కిందటి పనివాడొకడు ఆయనకు వరసకు దగ్గరవాడిలా అనిపించాడు.

పేరు తెలిసింది గాని సూత్రం అడ్డొచ్చింది. గూడబాతును ఆయన చూడలేదు. మర్నాడు దుకాణానికి తాళం వేసి, భార్య విద్యావతిని వెంటబెట్టుకుని జూ పార్కుకు బయల్దేరాడు.

“పిల్లలు చిన్నగున్నప్పుడు తోల్కపొమ్మంటే టైం లేదంటివి,” అంది విద్యావతి బస్సులో. “ఇప్పుడు నన్ను తోల్కపోతున్నవ్. ఎవరిని చూసేటందుకు? బాతును.”

కొలను ఎదుట బెంచీ మీద ఇద్దరూ మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. ఆమె పులిహోర డబ్బా విప్పింది, ఆయన నోటుబుక్కు విప్పాడు. గూడబాతు ఆకారంలో గంభీరమైంది ఏదీ లేదు. గవర్నమెంటు ఆఫీసులో ఫైళ్ళు మోసే మనిషి సంచీ లాంటిది గొంతు కింద వేలాడుతోంది. అది చేపను సంచీలోకి తోసుకుంది. తర్వాత పొడవాటి ముక్కును వంచి రొమ్ముకు అదిమిపెట్టింది. ఒకసారి, రెండుసార్లు.

“అయ్యో, పొడుసుకుంటున్నదా ఏంది?” అంది విద్యావతి.

“లే. సంచిల నీళ్ళు ఒంపుకుంటున్నది, చేప మింగేటందుకు.” రామచందర్ పెన్సిల్ ఆగింది. “గిదన్నట్టు కథ. గప్పట్ల ఎవరో ఒడ్డు అవతల నుంచి చూసిండు. రొమ్ము పొడుసుకుంటున్నదనుకున్నడు. పిల్లల కోసం నెత్తురిస్తున్నదన్నడు.”

“గంత దూరం నుంచి చూస్తే నువ్వు సుత మంచోనివే,” అంది విద్యావతి. పులిహోరలో పల్లీలు ఏరి ఆయన వైపు జరిపింది.

గీసిన బొమ్మను టిమోతికి చూపించాడు. టిమోతి చాలాసేపు చూసి, సంచీ మీద వేలు పెట్టి, ఇదేమిటన్నాడు. తర్వాత రెండు రోజులు బైబిలు వాక్యం శోధించి, మూడోరోజు ఫోన్ చేశాడు.

“కుదరదండీ. ధర్మశాస్త్రంలో అపవిత్ర పక్షుల జాబితా ఉంది. గుడ్లగూబకీ హంసకీ పక్కన, పేరుతో సహా, గూడబాతు. తినకూడని పక్షిని తీసుకెళ్ళి దేవుని మందిరంలో ఎలా పెడతామండీ?”

“ఇన్నేండ్లు ఉన్నదే గద సార్, అదే.”

“తెలియక ఉంది. ఇప్పుడు తెలిసింది కదండీ.”

గడువుకు నాలుగు రోజులుంది. ఆ సాయంత్రం రామచందర్‌కు ఒక ఆలోచన వచ్చింది. తండ్రి ఏ బొమ్మ వేసినా ముందు పల్చటి కాగితం మీద గీసుకుని, గీతల వెంట సూదితో పొడిచి ఖాకా తయారు చేసుకునేవాడు. వాటిని పారేసేవాడు కాదు.

“నాయన కాగితాలు ఏడున్నయే?”

“ఏడుంటయి? బీరువా అరల కింద పరిచిన. పెళ్ళైన కాన్నుంచి గవే.”

చీరలన్నీ మంచం మీదికి వచ్చాయి. మూడో అర కింద, కంచిపట్టు అడుగున, దొరికింది. కొలత సరిగ్గా అదే. కింద గూడు, మూడు పిల్లలు. పైన రెక్కలు విప్పి, రొమ్ము ముందుకు చాచి నిలబడ్డ తల్లి. రామచందర్ దాన్ని ట్యూబులైటు కిందికి పట్టుకెళ్ళాడు. విద్యావతి భుజం మీద నుంచి తొంగి చూసింది.



“ఏందయ్యా,” అంది విద్యావతి, “గిది కోడి.”

కోడే. సందేహానికి తావు లేదు. తల మీద చిన్న జుట్టు, మెడ ఈకలు, కాలిగోళ్ళు. బేగం బజార్‌లో పెంటకుప్ప మీద తిరిగే సాదాసీదా నాటుకోడి. యాభై ఏడేళ్ళుగా మూడొందల మంది దాన్ని పక్షిరాజని, పావురమని, దేవదూతని ధ్యానించారు.

రామచందర్ కుర్చీలో కూలబడ్డాడు. “గూడబాతు వెయ్యమంటే కోడిని వేసిండు. ఎవరికన్న తెలిస్తే నవ్వుతరు. వామన్‌రావుకు బాతేందో కోడేందో తెల్వదంటరు.”

“ఎవరికి చెప్తున్నవ్? స్టిక్కర్ అంటిస్తే ఎవరికీ తెల్వదు.”

“స్టిక్కర్ అంటిస్తే పేరు సుత పోతది.”

అదీ సంగతి. నిజం చెప్తే తండ్రి పేరు నవ్వులపాలవుతుంది, చెప్పకపోతే ఉన్న కాస్త పేరూ చెత్తబండి ఎక్కుతుంది. ఖాకాను మళ్ళీ చూశాడు. తండ్రి అలవాటు ప్రకారం కన్ను గీయలేదు, చోటు వదిలాడు. కన్నును ఆయన ఎప్పుడూ సూటిగా అద్దం మీదే పెట్టేవాడు.

“మీ ఇంట్ల కోళ్ళుండెనా?” అంది విద్యావతి చీరలు మడతపెడుతూ.

“ఒకటుండె నేను చిన్నగున్నప్పుడు. అన్నిటిని కోసేటిది అమ్మ. దాన్ని మాత్రం కొయ్యలే. ముసలిదై సచ్చింది. ఎందుకో అడిగితే చెప్పలే.”

ఆ పలకను అందరికంటే దగ్గర నుంచి ఎక్కువ కాలం చూసిందెవరని మర్నాడు పాస్టర్ షాలోమ్‌ను అడిగాడు. రత్నమణి టీచర్ అని ఆయన వెంటనే చెప్పాడు. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఆమె బెంచీ సరిగ్గా ఆరో అద్దం కిందే.

గన్‌ఫౌండ్రీలో ఆమె ఇంటి వరండాలో రామచందర్ ఖాకా విప్పాడు. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుంది, అల్లిక పక్కన పెట్టింది, పాత విద్యార్థిని గుర్తుపట్టినట్టు నవ్వింది.

“దొరికిందా కోడి?”

“మీకు ఎరుకనా, టీచరమ్మా?”

“ఎరుకే. అప్పటి అయ్యగారు ఈ పక్క ఇంట్లనే ఉండేది. మీ నాయన నాలుగు రోజులు ఆ వరండల పని చేసిండు. నేనే చాయ్ ఇచ్చేదాన్ని. గాలివానకు పాత అద్దం పగిలింది, పిల్లల కోసం రొమ్ము చీల్చుకునే పక్షిని వెయ్యమన్నరు అయ్యగారు. మీ నాయన పొద్దందాక కూసున్నడు, చుక్క పెట్టలే. ఏంది వామన్‌రావు అంటే, ‘గసొంటి బాతును నేను చూడలే సాబ్, చూడనిది నేను పెట్ట. నేను చూసింది ఒకటున్నది’ అన్నడు.”

“ఏంది చూసిండట?”

“మీ ఇంటి కోడిని. గద్ద పిల్లల మీదికి దిగిందంట. కోడి దాని మీదికి ఎగిరిందంట. రొమ్మంత చీరింది. గద్ద పోయింది గాని, కోడి రెక్కలు దించలేదంట. నెత్తురు కారుతుంటే అట్లనే పిల్లల మీద నిలబడ్డది, పైకి చూస్కుంట. మీ అమ్మ పసుపు పెట్టబోతే ఆమెను సుత పొడిచిందంట.”

 ముసలిదై పోయిన ఆ కోడి రొమ్ము మీద ఒకచోట ఈకలు మొలిచేవి కావు. అది ఆయనకు గుర్తుంది. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

“అయ్యగారు ఏమన్నరు?”

“నవ్విన్రు. కాసేపటికి నవ్వు ఆపిన్రు. ‘వెయ్యి’ అన్నరు. ఎవరన్న అడిగితే అబద్ధం చెప్పొద్దు, అడగకపోతే చెప్పాల్సిన పని లేదన్నరు. యాభై ఏడేండ్లు ఎవరు అడగలే బిడ్డా. నేనేం చేసేది?”

“కన్ను ఎటు చూసేది, టీచరమ్మా? ఖాకాల కన్ను లేదు.”

“పైకి. పిల్లల దిక్కు కాదు, మన దిక్కు కాదు. గద్ద ఇంక పోలేదన్నట్టు.”

గడువు రోజున కమిటీ బల్ల మీద రామచందర్ ఖాకా పరిచాడు. “మా నాయన వేసింది కోడి,” అన్నాడు. “బాతును చూడలేదు, అందుకని వెయ్యలే. చెప్పకుండ దాసిపెడితే నాకే మంచిగ అనిపియ్యలే. ఇగ మీ ఇష్టం.”

టిమోతి కాగితాన్ని అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు. ఎటు తిప్పినా కోడే.

“కోడా అండీ!”

“ప్రభువు తనను తాను పోల్చుకున్నది కూడా దానితోనే,” అన్నాడు షాలోమ్ మెల్లగా. “కోడి తన పిల్లల్ని రెక్కల కింద చేర్చుకున్నట్టు అని. గూడబాతు మాట మనుషులు చెప్పింది. ఇది ఆయన స్వయంగా అన్నది.”

టిమోతి వేలితో బైబిలు పేజీలు తిప్పాడు. జాబితా పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివాడు. ఆయన మీద ఎన్ని నిందలైనా వేయవచ్చు గాని, తనకు అడ్డొచ్చినా నియమం నియమమే. “అపవిత్ర పక్షుల్లో కోడి లేదండీ,” అని సభకు నివేదించాడు. “ఆ మాటకు వస్తే పక్షిరాజు ఉంది.” ఈ రెండో మాట కొంచెం తగ్గు స్వరంలో అన్నాడు.

అప్పుడు యూనీస్ అసలు ఆక్షేపణ లేవదీసింది. “అన్నీ మంచిగనే ఉన్నయి గాని, అయ్యగారూ, ఆదివారం ఆరాధన కాంగనే ఇంటికి పోయి అందరం వండుకునేది అదే గదా. పైన దాన్ని చూస్కుంట మొక్కి, ఇంటికి పోయి దాన్నే తినుడా?”

 ఇది బలమైన వాదం. అక్కడున్న ప్రతి ఇంట్లోనూ ఆదివారం మధ్యాహ్నం కుక్కర్ కూసేది దానికోసమే.  షాలోమ్‌కు సెమినరీలో ఈ పాఠం చెప్పలేదు.

మూల నుంచి రత్నమణి టీచర్ అల్లిక ఆపకుండానే అంది:

“ఆయన సుత తీస్కొని తినమనే అన్నడు గద, యూనీసమ్మా. ప్రతి నెల ప్రభువు బల్ల దగ్గర ఆయన శరీరమని రొట్టె తినుడు అదే గద.”

గౌరవ సభ్యురాలి అభిప్రాయం సంఘ చరిత్రలో మొదటిసారి మినిట్స్‌లోకి ఎక్కింది. మూడు కాపీల్లో.

మర్నాడు పొద్దున రామచందర్ దుకాణంలో కొత్త గాజును తెల్లగుడ్డ మీద పరిచి, కింద ఖాకా పెట్టాడు. సన్న కుంచె తీసుకుని, ముందుగా కన్ను పెట్టాడు. పైకి. తర్వాత ఎనిమిది రోజులు మిగతాదంతా దాని వెనక చేరింది. జుట్టు, మెడ, చీరుకున్న రొమ్ము, రెక్కలు, ఆఖరున ఆకాశం. కింది పాత ముక్కతో కొత్తదాన్ని కలిపిన చోట సీసపు పట్టీ ఒకటి సన్నగా పోయింది. తన పేరు ఎక్కడా రాయలేదు. ఎందుకని విద్యావతి అడిగితే, “ఖాకా ఆయనది, కోడి ఆయనది, నాదేమున్నది?” అన్నాడు.

ఈస్టర్ రోజు తొమ్మిదింటికి దక్షిణపు ఎండ కిటికీలోకి వచ్చింది. రామచందర్ చెప్పులు గుమ్మం దగ్గర విప్పి వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆరాధన అయ్యాక జనం ఒక్కొక్కరే కిటికీ కిందికి వచ్చి తలెత్తారు. కోడి అని అందరికీ చెప్పారు. అయినా యూనీస్ పక్కనున్న ఆమెతో, ‘రెక్కలు చూస్తే పావురం లెక్కనే లేదా’ అంటోంది.

టిమోతి వచ్చి చేయి కలిపాడు. “ఏం పెట్టారండీ ఆ కన్ను! పరలోకం వైపు ఎంత భక్తిగా చూస్తోందో.”

“ఔ సార్,” అన్నాడు రామచందర్.

రత్నమణి టీచర్ తన బెంచీలోంచి లేవలేదు. ఆయన దగ్గరికి వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

“ముక్కు జర పొడుగైంది, బిడ్డా.”

“జూకు పోయొచ్చిన గద, టీచరమ్మా. చెయ్యి వింటలేదు.”

“ఉండనీ.” ఆమె కళ్ళద్దాలు సరిచేసుకుని, కోడి చూస్తున్న దిక్కుకు తలెత్తింది. రామచందర్ కూడా తలెత్తాడు. పలకకు పైన, కుడివైపున, నల్లగా, పెద్దగా, రెండు ఇనుప బ్రాకెట్ల మీద వాలి కూర్చుని, కొత్త సౌండ్ బాక్సు కిందికి చూస్తోంది.

కోడి చూపు సూటిగా దాని మీదే ఉంది.